బోడిగుట్ట మీద లేని శిఖరాలు

నిన్న ఉదయం వంటింట్లో కాగితాలు అతికించడానికి గోధుమ గంజి కాస్తూ నిలబడ్డాను. పిండి నీళ్ళలో కరిగి, సన్నని సెగ మీద చిక్కబడుతూ, తెలుపు తగ్గి నిగనిగలాడే ఘడియ ఒకటుంటుంది. అప్పుడు వచ్చేది తిండి వాసనా కాదు, కాగితం వాసనా కాదు. తడిసిన నూలుబట్టకి ఎండ తగిలినప్పుడు వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది. అది ముక్కుకి తగలగానే నా చేతిలో గరిటె దానంతటదే నెమ్మదిస్తుంది. "తొందరపడితే ఉండలు కడుతుంది. ఆ ఉండ కాగితంలోకి దిగిందంటే మనం పోయినా అది పోదు" అన్న గొంతు వినబడుతుంది. ఆ గొంతు ఇందుమతి గారిది. ఆవిడ పోయి రెండు చలికాలాలు గడిచాయి.

ఇది చదివేవాళ్ళలో ఆవిడను చూసినవాళ్ళు ఉండకపోవచ్చు. చూసినా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, నేత చీర మీద మగవాళ్ళ స్వెటర్ వేసుకుని, మెడలో తాడుకి రెండు కళ్ళజోళ్ళు వేలాడేసుకుని తిరిగేవారు. పుట్టింది బందరులో. పెళ్ళయి భర్త వెంట అమెరికా వచ్చి, వాషింగ్టన్‌లో ఒక మ్యూజియంలో పాత కాగితాలు బాగుచేసే పని నేర్చుకుని, ముప్పై ఏళ్ళు అదే చేశారు. చినిగిన పటాలు, బూజు పట్టిన ఉత్తరాలు, రంగు వెలిసిన అచ్చుబొమ్మలు ఆవిడ చేతుల మీదుగా మళ్ళీ గోడలెక్కాయి. భర్త పోయాక, ఉద్యోగం మానేశాక, వాషింగ్టన్ దగ్గరే ఉన్న హెర్న్‌డన్‌లోని తన టౌన్‌హోమ్ బేస్‌మెంట్‌లో పెద్ద బల్ల వేసుకుని, ఆ చుట్టుపక్కల లైబ్రరీలు, స్కూళ్ళు తెచ్చిచ్చిన వాటిని ఊరికే బాగుచేసి పంపేవారు. నేనేమో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. ఆఫీసులో ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఇంకొకర్ని పిలిచే రకం. అలాంటి మా ఇద్దరినీ కలిపింది మా అమ్మాయి స్కూల్లో ఉన్న ఒక బొమ్మ.

మా నిత్యకి అప్పుడు తొమ్మిదేళ్ళు. స్కూల్లో ప్రతి పిల్లా తన కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరి బొమ్మ గీసి తేవాలన్నారు. ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద క్రేయాన్లు పరుచుకుని కూర్చుంది. వెళ్ళి చూస్తే కాగితం నిండా సూదుల్లాంటి నల్లటి కొండలు, వాటి మీద కూలిన గోడ, కింద అడవి, అడవి అంచున ఒక పులి. మనిషన్నవాడు లేడు.

"ఇది ఎక్కడ బిడ్డా?" అని అడిగాను.

"నీ ఊరు నాన్నా. భోన్‌గిర్."

"మనూర్ల పులి ఎక్కడున్నది? పోయిన సమ్మర్ల పోయినప్పుడు చూసినవా?"

తల ఎత్తకుండా ఆకుపచ్చ రంగు వేస్తూ అంది. "అప్పుడు చూసింది న్యూ భోన్‌గిర్. ఇది రియల్‌ది. స్కూల్ లైబ్రరీలో ఉంది, గోల్డ్ ఫ్రేమ్‌లో."

మాది భువనగిరి. హైదరాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి చూసే ఒంటి బండ గుట్ట మా ఊరిది. ఆ బండ మీద కోట. గుట్ట నున్నగా బోర్లించిన గుడ్డులా ఉంటుంది. దాని మీద సూదిమొన చూద్దామన్నా దొరకదు. దాని కిందే ఇళ్ళు, బజారు, బస్టాండు. నిత్య మూడు వారాలు మా అన్న ఇంట్లో ఉండి, రోజూ మిద్దె మీంచి ఆ గుట్టను చూసింది. పొద్దున బండ వేడెక్కకముందే పైదాకా ఎక్కింది. అయినా తన కళ్ళతో చూసినదాన్ని 'కొత్తది' అని పక్కనపెట్టి, బంగారు ఫ్రేములో ఉన్నదాన్ని అసలుదనుకుంది. ఆ మాట నాకు గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి పర్మిషన్ తీసుకుని స్కూలుకి వెళ్ళాను. బొమ్మ నిజంగానే ఉంది. రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, చేత్తో రంగులద్దిన పాతకాలపు ఇంగ్లీషు బొమ్మ. కింద వంకర స్పెల్లింగులో మా ఊరి పేరు. మా బోడిగుట్ట మీద మంచు కొండలకు ఉండేలాంటి శిఖరాలు మొలిచాయి. ఊరు లేదు. తాటిచెట్లు, అడవి, పులి. పక్కన టైపు చేసిన కార్డు: 'ప్రాచీన భారతం. మనుషులు లేని మహా సౌందర్యం.' ఎవరో స్థానిక కుటుంబం స్కూలుకి కానుకగా ఇచ్చిందట. ఎన్నేళ్ళ నుంచో అక్కడే ఉందట. ఆ రోజు లంచ్ మానేసి ప్రిన్సిపల్‌కి ఉత్తరం రాశాను. ఈ బొమ్మ అబద్ధమని, మా పిల్లల్ని అవమానిస్తోందని, వెంటనే తీసేయాలని. ప్రిన్సిపల్ మర్యాదగానే జవాబిచ్చింది. నిర్ణయం పేరెంట్స్ కమిటీ చేయాలి, ఈలోగా పాత బొమ్మల గురించి తెలిసిన వాలంటీర్ ఒకావిడ ఉన్నారు, ఆవిడదీ మీ భాషే అనుకుంటాను, ఒకసారి మాట్లాడండి అని.

తెలుగావిడ అనగానే నా వైపే ఉంటారనుకున్నాను. ఇందుమతి గారు లైబ్రరీకి వచ్చి, చేతిసంచీలోంచి భూతద్దం తీసి, పది నిమిషాలు బొమ్మను అంచు నుంచి అంచు దాకా చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"తీసేయమని రాశారటగా."

"అవును మేడమ్. పిల్లలు ఇదే నిజమనుకుంటున్నారు."

"మేడమ్ వద్దు, ఇందుమతి గారు అంటే చాలు. తీసేస్తే గోడ మీంచి పోతుంది. మీ అమ్మాయి బుర్రలోంచి ఎలా తీస్తారు?"

ఆవిడ భూతద్దం మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు.

"శనివారం మా ఇంటికి రండి. స్కూలువాళ్ళని అడిగి దీన్ని నేను తీసుకెళ్తాను. ఎలా తయారైందో ముందు చూద్దాం. చూశాక కూడా కోపం అలాగే ఉంటే ఇంకో ఉత్తరం రాద్దాం, ఇద్దరం సంతకం పెట్టి."

శనివారం వెళ్ళాక తెలిసింది, ఆవిడ కుడిచెయ్యి వణుకుతుందని. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నారు. "నా చేతులు నాకంటే ముందే రిటైరయ్యాయి నరేందర్. నీ చేతులతో చెయ్యి, నేను చెప్తాను" అని అప్పటి నుంచి నువ్వులోకి దిగారు. ఫ్రేము వెనక మేకులు తీయడం, అట్ట విప్పడం, బొమ్మను పళ్ళెంలో అన్నట్టు రెండు చేతుల మీద ఎత్తి బల్ల మీద పరచడం, అన్నీ నాతోనే చేయించారు. విమానాలు ఇంటి మీంచి తక్కువ ఎత్తులో వెళ్తుంటే బల్ల మీది దీపం అదిరేది. అది ఆగేదాకా నన్ను కదలనిచ్చేవారు కాదు.

ఫ్రేము కింద దాగిన అంచులో సన్నని అక్షరాలు రెండు వైపులా కనిపించాయి. ఎడమవైపు ఒక పేరు, కుడివైపు ఇంకో పేరు.

"ఎడమవైపువాడు గీసినవాడు. కుడివైపువాడు రాగిరేకు మీద చెక్కినవాడు. గీసినవాడు మీ ఊరు వచ్చి ఉండాలి. చెక్కినవాడు లండన్‌లో కిటికీ పక్కన కూర్చుని చెక్కి ఉంటాడు. వాడికి కొండంటే ఏమిటో ముందే ఒక లెక్క ఉంది. కొనేవాళ్ళకీ ఉంది. బోడిబండ ఎవడు కొంటాడు?"

"అంటే కావాలనే చేసిన అబద్ధమే కదండీ."

"అలా అని నీకెవరు చెప్పారు? మొదట గీసిన కాగితం మనం చూడలేదు. శిఖరాలు ఎవరు పెట్టారో, పులిని ఎవరు తెచ్చారో మనకి తెలియదు. తెలియనిది తెలియదు అని రాయాలి."

నాకు నచ్చలేదు. మొహంలో కనబడిందేమో, ఆవిడ మాట మార్చి అడిగారు. "సరే, నువ్వు అమెరికా రాకముందు అమెరికా ఎలా ఉంటుందనుకున్నావు?"

ఆలోచించకుండానే చెప్పాను. మా ఊళ్ళో కటింగ్ షాపులో అద్దం ఎదురుగా గోడ నిండా ఒక సీనరీ ఉండేది. సరస్సు, దాని వెనక ఎర్రగా పండిన అడవి, ఒడ్డున ఒక కట్టె ఇల్లు. తల ఎత్తమన్నప్పుడల్లా అద్దంలో దాన్నే చూసేవాణ్ణి. అమెరికా అంటే అదే. ఈ దేశంలో దిగిన మొదటి నెల హెర్న్‌డన్‌లో పార్కింగ్ లాట్లూ ఆఫీసు బిల్డింగులూ చూసి, అసలు అమెరికా ఇంకెక్కడో ఉందని చాలాకాలం అనుకున్నాను.

"ఆ సీనరీలో మనుషులున్నారా?"

"లేరు."

"ఇక్కడి అడవుల బొమ్మలు నా చేతుల మీదుగా ఎన్నో పోయాయి. ఆ సరస్సుల ఒడ్డున తరాలుగా బతికినవాళ్ళు ఉండేవారు. బొమ్మల్లో మాత్రం ఖాళీ. ఖాళీగా కనిపిస్తే రావాలనిపిస్తుంది. ఆక్రమించాలనీ అనిపిస్తుంది. నువ్వూ అలాంటి ఖాళీ చూసే వచ్చావు. నీ కూతురు ఇంకో ఖాళీ చూసి బొమ్మ గీసింది. ఇద్దరిలో ఎవరిది తప్పు?"

ఆవిడ గద్దించినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. ఆ రోజు ఇంటికి డ్రైవ్ చేస్తూ మొదటిసారి నా కోపం మీద నాకే అనుమానం వచ్చింది.

బొమ్మ ఎక్కడ నిలబడి గీశారో కనుక్కోమని ఆవిడ నాకు పని అప్పగించారు. ఆ చోటు నుంచి తీసిన ఇప్పటి ఫోటోని, ఏది నిజమో చెప్పే ఒక లేబుల్‌ని బొమ్మ పక్కన పెట్టించాలని ఆవిడ ఆలోచన. దాని ఫోటో తీసి, శిఖరాలు, పులి, తాటిచెట్లు అన్నీ అబద్ధమని రాసి, నా చిన్ననాటి స్నేహితుడు యాదగిరికి పంపాను. వాడు ఊళ్ళోనే స్కూల్ టీచర్. మూడు ఆదివారాలు స్కూటర్ మీద గుట్ట చుట్టూ తిరిగాడు. కోటగోడ వంపు, కింది దర్వాజా, బొమ్మలో ఉన్న ఒక పెద్ద రాతిగుండు ఒక వరసలోకి వచ్చే చోటు దొరికేదాకా వదల్లేదు. మూడో ఆదివారం ఫోన్ చేశాడు.

"దొరికిందిరా. పాత రోడ్డు పక్క నుంచి గీసిండు. గుట్ట గుండ్రంగనే ఉన్నది, సూదులు లేవు. గని ఒక మాట. నువ్వు తాటిచెట్లు గూడ అబద్ధమని రాసినవ్ గదా?"

"అవును. మన దగ్గర తాటిచెట్లు ఎక్కడియిరా?"

"ఏం మాట్లాడుతున్నవ్‌రా? మా బాపు కల్లుగీసిన చెట్లు లెక్కలేనన్ని ఉన్నయ్ ఈడ. నువ్వు మా ఇంట్ల ముంజలు తిన్నది మర్చినవా?"

ఫోన్ పెట్టేసి బొమ్మ ఫోటో మళ్ళీ తీసి చూశాను. పులి ఉన్న బొమ్మలో తాటిచెట్టు కనబడగానే అదీ విదేశీయుడి కల్పన అనుకున్నాను. యాదగిరి వాళ్ళింట్లో ముంజలు తిన్న పిల్లవాణ్ణి నేనే చెరిపేసుకున్నాను. ఇందుమతి గారికి చెప్పాలంటే సిగ్గేసింది. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ నవ్వలేదు. "మంచిది. లేబుల్ మీద అది కూడా రాయి. ఈ ఊరివాడు కూడా చెట్ల విషయంలో పొరబడ్డాడని. అప్పుడు పిల్లలు మిగతాది నమ్ముతారు" అన్నారు.

యాదగిరి పంపిన ఫోటోని అదే కొలతలో ప్రింట్ చేయించాం. కాగితపు పట్టీలతో, గంజితో దాన్ని మౌంట్‌కి, అంటే వెనక ఉండే అట్టకి, అతికించడం ఇందుమతి గారు నేర్పారు. మొదటిసారి గంజి ఎక్కువై ఫోటో వెనక అట్టంతా ముడతలు పడింది. నేను దాన్ని పీకబోతే ఆవిడ ఆపి తడి దూది అందించారు. "ఇది నీళ్ళకి వదిలేస్తుంది. అందుకే ఈ గంజి వాడతాం. మన పని తర్వాతివాళ్ళకి నచ్చకపోతే విప్పుకోగలగాలి. విప్పలేని పని చెయ్యకు."

కమిటీ మీటింగ్ ఒక సాయంత్రం స్కూల్ లైబ్రరీలోనే జరిగింది. ఐదుగురు పేరెంట్స్, ప్రిన్సిపల్, బొమ్మను కానుకగా ఇచ్చిన కుటుంబం నుంచి హెలెన్ అనే డెబ్బై ఏళ్ళావిడ. ఎవరి మనసూ నొప్పించకుండా ఉండాలని ప్రిన్సిపల్ ఒక దారి చూపింది. పాత బొమ్మా కొత్త ఫోటో రెండూ స్టోర్‌రూమ్‌లో పెట్టేద్దామని. నలుగురు తలలూపారు. ఇందుమతి గారు కుర్చీ చేయి పట్టుకుని లేచారు. వణుకు భుజం దాకా పాకింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ బొమ్మ చాలా అందంగా ఉంది" అన్నారు ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి. "అందంగా ఉంది కాబట్టే పిల్లలు నమ్మారు. వికారంగా ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అందమైనదాన్ని ఎలా చూడాలో స్కూలు నేర్పకపోతే ఎవరు నేర్పుతారు? స్టోర్‌రూమ్ నేర్పదు. నేను ముప్పై ఏళ్ళు పనిచేశాను అలాంటి గదుల్లో, నాకు తెలుసు."

హెలెన్ చేతులు ఒళ్ళో ముడుచుకుని వింటోంది. అప్పుడు తను మాట్లాడింది. ఆ బొమ్మ వాళ్ళ నాన్న గదిలో ఉండేదట. ఆఖరి నెలల్లో మంచం దాని ఎదురుగా వేయించుకున్నాడట. ప్రపంచంలో ఎవరూ లేని, నిశ్శబ్దంగా ఉండే చోటు అదొక్కటే అనేవాడట. అక్కడ ఊరుంది, వేలమంది ఉన్నారు అనబోయాను. ఇందుమతి గారి చెయ్యి వణుకుతూనే నా మోచేతి మీద పడింది. నేను ఆగాను.

"మీ నాన్నగారు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళారా?" అని ఆవిడ అడిగారు.

"లేదు. వెళ్ళాలని ఉండేది."

ఇందుమతి గారు యాదగిరి తీసిన ఫోటోని ఆమె ముందు పెట్టారు. "ఆయన నిలబడాలనుకున్న చోటు ఇదే. సరిగ్గా ఇక్కడే."

హెలెన్ కళ్ళజోడు సర్దుకుని ఫోటో మీదికి వంగింది. గుండ్రటి బండ, దాని కింద మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు, కరెంటు తీగలు. ఒక మిద్దె దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇక్కడ ఎవరో దుప్పట్లు ఆరేశారు" అంది మెల్లగా. "పసుపుపచ్చవి." తర్వాత, "బొమ్మలో ఈ దుప్పట్లు ఉండి ఉంటే నాన్నకి ఆ రోజుల్లో ఇంకొంచెం తోడుగా ఉండేదేమో. రెండూ పక్కపక్కన పెట్టండి. నాకు అభ్యంతరం లేదు" అంది.

కమిటీ సరేనంది. బొమ్మా ఫోటో రెండూ మేమే వేలాడదీశాం. ఇందుమతి గారు కుర్చీలో కూర్చుని ఎడమవైపు కొంచెం పైకి, ఇంకొంచెం, చాలు అని చెప్తుంటే నేను మేకులు కొట్టాను. మధ్యలో దారంతో ఒక భూతద్దం కట్టాం. లేబుల్‌లో శిఖరాల సంగతి రాశాం, చెట్ల విషయంలో నా పొరపాటూ రాశాం. పులి ఎవరు గీశారో తెలియదని రాశాం. తర్వాతి వారం నిత్య క్లాసుకి దాని గురించి చెప్పింది. నేను వెనక నిలబడ్డాను. ఒక పిల్ల, పులిని ఎందుకు పెట్టారని అడిగింది. నిత్య నా వైపు చూడలేదు. "మాకు తెలీదు. ఫస్ట్ డ్రాయింగ్ ఇంకా దొరకలేదు. దొరికితే చెప్తాం" అంది ఇంగ్లీషులో. ఇందుమతి గారు నా పక్కన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. ఆవిడ అంత తృప్తిగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత నాలుగేళ్ళు దాదాపు ప్రతి శనివారం ఆ బేస్‌మెంట్‌లోనే గడిచింది. వణుకు పెరిగి, ఆవిడ చెంచా కూడా పట్టుకోలేని దశ వచ్చింది. ఆఖరిసారి హాస్పిటల్‌లో చూశాను. ఒక చర్చివాళ్ళు ఇచ్చిన పాత నదీ దృశ్యం కోసం నేను రాసిన లేబుల్ చదివి వినిపించమన్నారు. చదువుతుంటే మూడో వాక్యం దగ్గర వేలు కొద్దిగా ఎత్తారు.

"ఈ ఒడ్డున ఇళ్ళు ఉండేవి అన్నావు. చూశావా?"

"లేదండీ. పాత పటంలో గుర్తులున్నాయి."

"అయితే 'ఉండి ఉండవచ్చు' అని రాయి."

దిద్ది చూపించాను. తలూపారు. తర్వాతి వారం ఆవిడ కూతురు ఫోన్ చేసి, తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పింది. నేను ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపుకుని కూర్చున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. ఆ లేబుల్ ఇంకా అచ్చుకి పంపలేదన్న సంగతే మొదట గుర్తొచ్చింది. పంపాక ఏడుపొచ్చింది.

ఆవిడ నుంచి నాకు మిగిలింది ఒక పట్టుదల. కానీ అది నాకు పుట్టుకతో వచ్చిన పట్టుదల లాంటిది కాదు. నాది గొంతు పెంచేది. ఆవిడది ఇంకోసారి చూసొచ్చేది. ఆఫీసులో ఒక ఫీచర్ సరిగ్గా లేదని రిపోర్ట్ రాసేటప్పుడు కూడా, నేను చూసినదెంత, ఊహించినదెంత అని విడదీసి రాయడం అలవాటైంది. ఒకసారి మేనేజర్ నవ్వి, "నరేందర్, నువ్వు ప్రతిదానికీ నాట్ ష్యూర్ అని రాస్తావేంటి?" అన్నాడు. ష్యూర్ అని రాసిన చోట ఎవరూ నన్ను రెండోసారి అడగలేదని గుర్తుచేశాను.

ఈ మధ్య మా ప్రాంతంలోని ఇంకో స్కూలు భవనం బాగుచేస్తున్నారు. హాలు పొడుగునా గోడలకి దేశానికొకటి చొప్పున పెద్ద రంగుల పోస్టర్లు కేటలాగ్ నుంచి తెప్పించి అంటిస్తారట. ఇండియాకి సూర్యాస్తమయంలో ఏనుగు. ఇంకో దేశానికి ఒంటె, ఇసుక. ఇంకోదానికి పచ్చటి అడవి, పొగమంచు. వాటిలో ఒక్కదాంట్లోనూ ఆరేసిన బట్ట లేదు. ఈసారి ఎవరికీ కోపంగా ఉత్తరం రాయలేదు. ఆ స్కూల్లో చదివే పిల్లల కుటుంబాలను ఒక్కొక్కరినీ కలిసి, మీ ఊరు మీరు నిలబడే చోటు నుంచి ఎలా కనిపిస్తుందో ఒక ఫోటో ఇవ్వండని అడుగుతున్నాను. ఇప్పటికి పంతొమ్మిది వచ్చాయి. నిన్న కాచిన గంజి వాటిని అట్టలకి అతికించడానికే. రెండు ఇళ్ళలో కుదరదన్నారు, మళ్ళీ వెళ్తాను. ఆ గోడల మీద ఏం పెట్టాలో తేల్చే స్కూల్ మీటింగ్ మంగళవారం సాయంత్రం ఆరింటికి. మాట్లాడేవాళ్ళ జాబితాలో నా పేరు మొదటే రాయించాను.